ముప్పయ్యేళ్లకే కీళ్లరుగుదల: అనంత మెట్టసీమలో అడగవలసిన ప్రశ్న

కీళ్లరుగుదల, అంటే వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అని పిలిచే జబ్బు, అరవై దాటినవారికే వస్తుందన్న నమ్మకం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, పాతికేళ్ల కూలీ మోకాలి నొప్పితో వెళ్లినా, ముప్పయ్యేళ్ల నేతకారుడు నడుము పట్టేసిందని చెప్పుకున్నా, వాతమనో బెణుకనో తేల్చి నాలుగు బిళ్లలు చేతిలో పెట్టి పంపడం నేటికీ పరిపాటిగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 52.8 కోట్ల మంది ఈ జబ్బుతో జీవిస్తున్నారు. వారిలో 73 శాతం మంది 55 ఏళ్లు పైబడినవారే అయినా, మిగిలిన నాలుగోవంతుకు పైగా మంది అంతకన్నా చిన్నవారన్న సంగతి కూడా ఆ లెక్కలోనే ఉంది.

ప్రత్యేకమైన కారణమేదీ కనిపించకుండా, ప్రధానంగా వయసుతోపాటు వచ్చే అరుగుదలను ప్రాథమికమనీ, గాయం, పుట్టుకతో వచ్చిన లోపం, మరో జబ్బు, విషపదార్థం వంటి కారణం వెనుక ఉంటే ద్వితీయమనీ వైద్యశాస్త్రం విభజిస్తుంది. వయసులో ఉన్నవారిలో కనిపించేది చాలావరకు ఈ రెండో రకమే కాబట్టి, వారి విషయంలో మందు రాయడానికి ముందే అది ఎందుకు వచ్చిందో వెతకవలసి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన పాత అనంతపురం జిల్లా కరువు పీఠభూమిలో ఆ వెతుకులాట తాగే నీటి దగ్గర మొదలుకావాలి.

కీలు అరగడమంటే ఏమిటి?

రెండు ఎముకలు కలిసేచోట వాటి కొసలను కప్పి ఉంచే నున్నని, గట్టి పొరను మృదులాస్థి అంటారు. దీని బరువులో సగానికి పైగా నీరే ఉంటుంది. ఆ నీటిని పట్టి ఉంచే పని ప్రోటియోగ్లైకాన్లు అనే అణువులది కాగా, వాటిని వలలా బిగించి పొరకు పటుత్వమిచ్చే పని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులది. ఈ పొరలో రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు తిరిగి ఉబ్బే క్రమంలో చుట్టూ ఉన్న జిగురు ద్రవం లోపలికి వచ్చిపోతూ అక్కడి కణాలకు పోషణ అందిస్తుంది కాబట్టి, కీలు ఆరోగ్యంగా ఉండాలంటే దానికి కదలిక అవసరం.

రక్తప్రసరణ లేనందువల్ల ఒకసారి చెడిన మృదులాస్థి మునుపటిలా తిరిగి పెరగదు. నరాలు లేనందువల్ల అది చెడుతున్న తొలిరోజుల్లో నొప్పీ తెలియదు. నొప్పి బయటపడే వేళకు పొర కిందనున్న ఎముక గట్టిపడి, అంచుల వద్ద ఆస్టియోఫైట్లు అనే ఎముక ముళ్లు మొలిచి, కీలు లోపలి చర్మంలాంటి పొర వాచి ఉండవచ్చు. ‘గుజ్జు అరిగింది’ అని జనం చెప్పుకునే మాటలో ఉన్నది ఈ మొత్తంలో ఒక భాగమే. ఎముక, కండరం, ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు, ద్రవం అన్నీ కలిసి చెడే జబ్బుగానే నేటి వైద్యులు దీన్ని చూస్తున్నారు.

వయసులో ఉన్నవారికి ఎందుకు వస్తుంది?

అన్ని ప్రాంతాల్లోనూ కనిపించే కారణాల్లో మొదటిది దెబ్బ. తొడ ఎముకనూ కాలి ఎముకనూ మోకాలి లోపల కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు కబడ్డీ ఆటలోనో బైకు ప్రమాదంలోనో తెగినా, ఆ రెండు ఎముకల నడుమ అర్ధచంద్రాకారంలో ఉండే మెనిస్కస్ అనే మెత్త చిరిగినా, అటువంటివారిలో సుమారు సగం మందికి పది నుంచి ఇరవై ఏళ్లలో ఆ మోకాలు అరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్ల వయసులో పడిన దెబ్బకు ఫలితం నలభైలోపే కనిపించడంలో వింత లేదు. శస్త్రచికిత్స తెగిన లిగమెంటుకు బదులు మరొకటి అమర్చి కాలికి నిలకడ ఇవ్వగలదే గాని, తర్వాతి అరుగుదల ముప్పును పూర్తిగా తొలగించలేదు.

రెండో కారణం అధిక బరువు. మోకాలి నొప్పి ఉన్న స్థూలకాయులపై జరిగి 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, శరీరం ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతున్నట్లు తేలింది. పుట్టుకతోనే తుంటి గిన్నె లోతు తక్కువగా ఉండడం, మద్యం వల్లనో స్టెరాయిడ్ల వల్లనో తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోవడం మరికొన్ని కారణాలు.

వీటికి భిన్నంగా, ఒక ప్రాంతపు జనానికే ఈ జబ్బు యౌవనంలో పట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. చైనా, టిబెట్, తూర్పు సైబీరియా ప్రాంతాల్లో పిల్లల కీళ్లనే వికృతం చేసే కాషిన్–బెక్ వ్యాధికి నేలలో సెలీనియం లోపించడం, ధాన్యానికి బూజు పట్టడం వంటివి కారణాలుగా చెబుతారు. అనంతపురానికి పొరుగునే ఉన్న కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని హందిగోడు గ్రామం పేరుతో 1970ల నుంచి వైద్యగ్రంథాలకెక్కిన జబ్బు కొన్ని కుటుంబాల్లో చిన్న వయసులోనే తుంటినీ మోకాళ్లనూ అరగదీస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తొలినాళ్లలోనే దాన్ని పరిశీలించగా, అది వంశపారంపర్యంగా వచ్చే ఎముకల లోపమని తర్వాత గుర్తించారు. ఒకే ఊళ్లో వయసులో ఉన్నవారు పలువురు కీళ్లు పట్టేసి కనిపిస్తే, వైద్యుడు వ్యక్తి నుంచి ఊరి వైపు చూపు మళ్లించాలని ఈ ఉదాహరణలు చెబుతాయి.

అనంత నేల, అనంత నీరు

పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డగించడం, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి బలహీనపడడం వల్ల అనంతపురం ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతోనే సరిపెట్టుకుంటుంది. చెరువులు నిండే ఏళ్లు అరుదు కాబట్టి సేద్యమూ తాగునీరూ దశాబ్దాలుగా బోర్లమీద ఆధారపడ్డాయి. వెయ్యి అడుగులు దింపినా నీరు పడని బోర్లు ఈ సీమలో ఎవరికీ కొత్త కాదు.

ఇక్కడి అడుగురాయి గ్రానైట్, నైస్ జాతికి చెందినది. అందులోని బయొటైట్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచిన నీటిలోకి అది ఫ్లోరైడ్ రూపంలో కరుగుతుంది. మామూలుగా నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దింపుతుంది. ఎండ ఎక్కువగా ఉండే పొడి నేలల్లో మాత్రం కాల్షియం ముందుగానే సున్నపు గడ్డలుగా మట్టిలో పేరుకుపోయి, క్షారగుణంతో సోడియం ఎక్కువగా ఉన్న నీరు మిగులుతుంది కాబట్టి, ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపేది ఏదీ ఉండదు. వాన తక్కువ కావడం, బోరు లోతెక్కడం, ఫ్లోరైడ్ పెరగడం ఈ విధంగా ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. భారత ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్య పరిమితిగా, వేరే దిక్కు లేనిచోట 1.5ను గరిష్ఠంగా నిర్ణయించింది. లీటరుకు సుమారు 3 నుంచి 6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు ఏళ్లతరబడి తాగినవారిలో ఎముకల ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ పేరుకుని ఎముకలు చెడే జబ్బు లక్షణాలు కనిపించవచ్చు. అయితే సీసాలో పట్టిన నీటి అంకె సగం కథే చెబుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరునీటిని నీడపట్టున ఉండి రెండు లీటర్లు తాగేవారికి రోజుకు 6 మిల్లీగ్రాములు చేరితే, నలభై డిగ్రీల ఎండలో కూలిచేసి ఐదు లీటర్లు తాగేవారికి 15 మిల్లీగ్రాములు చేరుతుంది. వయసులో ఉండి కాయకష్టం చేసేవారే ఎక్కువ నీరు తాగుతారు కాబట్టి, ఈ విషభారంలోనూ పెద్దవాటా వారిదే అవుతుంది.

ఎముకలో చేరి కీలును పట్టే ఫ్లోరైడ్

శరీరంలో నిలిచిపోయే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. ఎముకలోని ఖనిజంలో చోటు చేసుకున్న ఫ్లోరైడ్ దాన్ని దట్టంగా మార్చినా, అలా దట్టమైన ఎముకకు బలం పెరగదు. పైగా అది పెళుసవుతుంది. ఆపైన లిగమెంట్లూ, కండరాలు ఎముకకు అతుక్కునే చోట్లూ సున్నంతో గట్టిపడతాయి. కీళ్ల అంచుల్లో ముళ్లు మొలుస్తాయి. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుని నడుము వంగనీయవు. మోకాలిలో ఇటువంటి మార్పులు ఎక్స్‌రేలో అచ్చం కీళ్లరుగుదలలాగే కనిపించవచ్చు.

ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో తొలిసారి శాస్త్రీయంగా వర్ణించింది తెలుగునేలలోనే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండగా, అక్కడి ఫ్లోరోసిస్‌పై షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం ప్రచురించారు. ముప్పయ్యేళ్ల ప్రాంతంలో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడంతో మొదలై, నడుము నొప్పి, బిగుతుగా ముదిరి, చివరికి వెన్ను మొత్తం ఒకే కడ్డీలా బిగిసిపోయే క్రమాన్ని వారు వర్ణించారు. ఆ తర్వాత 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ పీడిత గ్రామాల కౌమార వయస్కుల్లో మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానితో ఒకటి రాసుకునే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. కాలు వంకరపోతే శరీర భారం మోకాలి ఒకవైపునే పడుతుంది కాబట్టి, నీరు మొదలుపెట్టిన చెడుపును భారం పూర్తిచేస్తుంది.

పని చేసే మోకాళ్లు

నీటికి పని తోడవుతుంది. వేరుశనగ చేలలో గొంతుక్కూర్చుని కలుపు తీయడం, నడుము వంచి చెట్లు పెరకడం, మళ్లీ కూర్చుని కాయలు విడదీయడం ఆడకూలీలకు గంటలతరబడి సాగే పనులు. ధర్మవరంలో పట్టు నేసేవారు మగ్గం గుంతలో కాళ్లు దింపి కూర్చుని, కింది పలకలను పాదాలతో మార్చిమార్చి తొక్కుతూ పగలంతా గడుపుతారు. కరువు ఏళ్లలో బెంగళూరుకు వలసపోయిన కుర్రవాళ్లు కట్టడాల దగ్గర సిమెంటు మూటలు మోస్తూ అంతస్తులెక్కుతారు. గొంతుక్కూర్చోవడం, మోకాళ్లమీద ఉండి పనిచేయడం, బరువులు మోయడం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో మోకాలి అరుగుదల ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు నిర్ధారించాయి. బీజింగ్ నగరంలోని వృద్ధులపై జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో, యౌవనంలో రోజూ ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవారికి తర్వాతి కాలంలో మోకాలి అరుగుదల ఎక్కువగా వచ్చినట్లు తేలింది.

ఏ నొప్పి ఏ జబ్బు?

కీళ్లరుగుదలలో నొప్పి పనితో పెరిగి విశ్రాంతితో తగ్గుతుంది. నిద్ర లేచాక ఉండే బిగుతు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది. గంటకు మించి బిగుతు ఉండి, చేతివేళ్ల చిన్నకీళ్లు రెండువైపులా వాస్తే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను అనుమానించాలి. కుర్రవాళ్లకు తెల్లవారుజామున నడుము పట్టేసి, లేచి తిరిగితే సులువైతే అది వెన్నుకు వచ్చే మరో వాపు జబ్బు కావచ్చు. ఒకే కీలు వాచి, జ్వరంతో మనిషి చిక్కిపోతుంటే క్షయ పరీక్ష తప్పనిసరి.

ఫ్లోరోసిస్‌ను పసిగట్టడానికి, కేంద్రప్రభుత్వం 2008–09లో ప్రారంభించిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలకు మూడు తేలిక పరీక్షలు నేర్పుతారు. నేలమీది నాణేన్ని మోకాళ్లు మడవకుండా వంగి తీయగలగడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించగలగడం, చేతులు పక్కలకు చాచి మోచేతుల దగ్గర మడిచి తల వెనుక భాగాన్ని తాకగలగడం అన్నవే ఆ మూడూ. వీటిలో ఇబ్బంది పడేవారికి ముంజేతి ఎక్స్‌రే తీస్తే, అక్కడి రెండు ఎముకల నడుమనున్న పలచని పొర సున్నం పట్టి తెల్లగా కనిపించడం ఫ్లోరోసిస్‌కు గట్టి ఆధారం. మూత్రంలోని ఫ్లోరైడ్ కొలత దానికి తోడవుతుంది. పసితనంలో పళ్లు రూపుదిద్దుకునే వేళ తాగిన నీరే పంటి పింగాణీపై మచ్చలు తెస్తుంది కాబట్టి, గారపళ్లు ఉన్న మనిషి చిన్ననాట ఏ నీరు తాగాడో అతడి నోరే చెబుతుంది. అయితే పెద్దయ్యాక ఈ ప్రాంతానికి వచ్చినవారికి పళ్లు తెల్లగానే ఉండి ఎముకలు చెడవచ్చునన్నది మరువరాదు.

చికిత్సలో చేయవలసినవి, చేయకూడనివి

అరిగిన కీలును మునుపటి స్థితికి తెచ్చే మందు ఇంతవరకు లేదు. నొప్పిని తగ్గించి, మిగిలిన కీలును కాపాడి, మనిషిని పనిలో నిలబెట్టడమే చికిత్స లక్ష్యం. తొడ ముందు కండరాలను బలపరిచే వ్యాయామం అందులో మొదటిది. కుర్చీలో కూర్చుని కాలిని నిటారుగా చాచి, కొన్ని క్షణాలు ఆపి దించే కసరత్తుకు ఖర్చు లేదు. బరువు ఎక్కువగా ఉన్నవారు తగ్గించుకోవడం, కలుపు తీసేటప్పుడు చిన్న పీట వాడడం, కూర్చున్న భంగిమను మధ్యమధ్య మార్చడం, మోకాలిపై పూసే నొప్పిమందు వాడడం దాని తర్వాతివి. నొప్పి ఉందని పూర్తిగా మంచానికే పరిమితమైతే కండరం కృశించి కీలు మరింత చెడుతుంది.

నొప్పిబిళ్లలను వైద్యుడి సలహా లేకుండా నెలలతరబడి మింగడం అన్నిచోట్లా ప్రమాదమే అయినా, ఫ్లోరైడ్ ప్రాంతంలో ఆ ప్రమాదం రెట్టింపవుతుంది. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి మూత్రపిండాలే కాగా, ఈ బిళ్లలు దెబ్బతీసేదీ వాటినే. ఏమి కలిపారో తెలియని పొడులూ, ఊళ్లో సూదిమందుగా అందే స్టెరాయిడ్లూ నాలుగు రోజులు హాయినిచ్చినా, పదేపదే వాడితే ఎముకలను గుల్లచేసి తుంటికి రక్తం అందకుండా చేయగలవు.

కాలు వంకరవల్ల ఒకవైపే అరుగుతున్నప్పుడు, ఎముకను కోసి సరైన కోణంలో అతికించి భారాన్ని మంచివైపుకు మళ్లించే ఆస్టియోటమీ అనే శస్త్రచికిత్స వయసులో ఉన్నవారికి మేలైన మార్గం కావచ్చు. కృత్రిమ కీలు మాత్రం వీలైనంత ఆలస్యంగా ఆలోచించవలసినది. బ్రిటన్ రోగుల రికార్డుల ఆధారంగా 2017లో వెలువడిన అధ్యయనంలో, డెబ్బై దాటాక కీలు మార్పించుకున్నవారిలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది సుమారు 5 శాతం మందికైతే, యాభైల తొలినాళ్లలో మార్పించుకున్న పురుషుల్లో అది 35 శాతం వరకు ఉన్నట్లు తేలింది.

నీరు మారితేనే

గాయాన్నీ వంశపారంపర్యాన్నీ పూర్తిగా ఆపలేకపోయినా, నీటిని మార్చడం మనుషుల చేతిలో ఉన్న పని. దానికి అనంతపురంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1995లో మొదలుపెట్టి సుమారు 300 కోట్ల రూపాయలతో చేపట్టిన తాగునీటి పథకం, పెన్న అహోబిలం, చిత్రావతి జలాశయాల నీటినీ, నదుల ఇసుకలో తవ్విన బావుల నీటినీ 731 గ్రామాలకు చేర్చింది. ఈ పథకానికి గుర్తుగా 1999 నవంబరు 23న తపాలాశాఖ ఒక స్టాంపును విడుదల చేసింది. ఇటువంటి పథకాలు నడిచినంత కాలం మేలు చేస్తాయి. పైపు పగిలినా, కరెంటు బాకీతోనో జీతాల బాకీతోనో పంపింగ్ ఆగినా, ఊరు మళ్లీ పాత బోరు దగ్గరికే బిందెలు పట్టుకుపోతుంది. పథకాన్ని కట్టడానికి పెట్టిన శ్రద్ధను నడపడంలోనూ పెట్టకపోతే ఎముకలు దాని ఖరీదు చెల్లిస్తాయి.

పైపు నీరు అందనిచోట బోరునీటి నుంచే ఫ్లోరైడ్‌ను తీసే మార్గాలున్నాయి. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపుతారు. ఇంట్లో బకెట్‌తోనైనా చేయదగిన పని ఇది. మోతాదు మాత్రం నీటి గుణాన్ని బట్టి మార్చుకోవాలి. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను బాగా తొలగిస్తుంది. అయితే ఊళ్లో మినరల్ వాటర్ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకుని తాగుతూ, సంగటికీ పప్పుకూ బోరునీటినే ఎసరు పోసే ఇళ్లలో కొంత ఫ్లోరైడ్ పళ్లెంలోంచి లోపలికి పోతూనే ఉంటుంది. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయే గాని ఫ్లోరైడ్ పోదు; ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది.

తిండి కొంత తోడ్పడుతుంది. కాల్షియం తగినంతగా ఉన్న ఆహారం ఫ్లోరైడ్ కీడును కొంత తగ్గిస్తుంది కాబట్టి, ఈ సీమ పాత తిండి అయిన రాగి సంగటినీ, మజ్జిగనూ వదులుకోకపోవడం మంచిది. జొన్న ప్రధానంగా తినేవారి శరీరంలో వరి తినేవారికన్నా ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని, చింతపండు తిన్నప్పుడు మూత్రం ద్వారా దాని విసర్జన పెరుగుతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు చూపాయి. హిందూపురం వంటి చింతపండు మార్కెట్ ఉన్న సీమకు ఇది ఆసక్తికరమైన సంగతే అయినా, చారు ఎంత తాగినా మంచినీటికి బదులు కాదు. నీరు మారిన తర్వాత ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఏళ్లమీద నెమ్మదిగా తగ్గుతుంది. గట్టిపడిన లిగమెంట్లు, వంగిన కాళ్లు మాత్రం వెనక్కి రావు. అందుచేత పిల్లలకూ గర్భిణులకూ మంచినీరు అందించడం అన్నిటికన్నా ముందు జరగాలి.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో నీటిలోని ఫ్లోరైడ్‌ను కొలుస్తారు. ఊళ్లోనే రంగు చూసి చెప్పగలిగే పరీక్ష కిట్లూ వాడుకలో ఉన్నాయి. ప్రతి పంచాయతీ తన బోర్లన్నిటి అంకెలనూ రచ్చబండ దగ్గర గోడమీద రాయించాలి. అనంత సీమలో నలభై లోపువారెవరైనా కీళ్లనొప్పితో వస్తే, చీటీపై మందు పేరు రాసేముందు వారు తాగే నీటి ఫ్లోరైడ్ అంకెను, చేసే పనిని, పడిన దెబ్బలను వైద్యుడు అడిగి రాసుకోవాలి. వైద్యుడు అడగకపోతే రోగే చెప్పాలి.